చాలు అనే మాట

బంగారయ్య మేస్త్రి పోయింది మంగళవారం నాడు. అంతకుముందు సాయంత్రం ఐదింటికి ఆయన కొత్తమల్లివలస పంపు బేరింగు మూతకి మూడు బోల్టులు బిగించి, పానాని గుడ్డతో తుడిచి, "నాలుగోది రేపు చూద్దాం, నాయుడూ" అని చెప్పి ఇంటికి వెళ్ళాడు. తెల్లవారేలోగా గుండె ఆగిపోయింది. ఇరవై ఆరేళ్ళుగా ఆయన పక్కన నిలబడి పనిచేసిన దాలినాయుడికి ఆ కబురు ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలిసింది. అప్పుడే సైకిలుకి స్టాండు వేశాడు. తీశాడు. మళ్ళీ వేశాడు. కాసేపటికి మళ్ళీ తీసి, సైకిలుని మేస్త్రి ఇంటివైపు తిప్పాడు.

ఆ ఫ్యాక్టరీ సముద్రపు గాలికి ఇనుము తొందరగా తుప్పు పట్టే ఒక పారిశ్రామిక వాడలో ఉంది. నలభై ఏళ్ళుగా ఊళ్ళకి నీళ్ళు తోడే పంపులు తయారుచేస్తోంది. పంపులు బాగా నడుస్తాయని పేరు. ఎందుకు బాగా నడుస్తాయో కనుక్కోవలసిన అవసరం బుధవారం దాకా ఎవరికీ రాలేదు.

బుధవారం పదకొండింటికి సంతాప సభ జరిగింది. జనరల్ మేనేజరు శేషశయనం గారు రెండు నిమిషాల మౌనాన్ని వాచీ చూసి ముగించి, ప్రసంగించారు.

"బంగారయ్య గారి నిష్క్రమణతో మన సంస్థ ముప్పై నాలుగేళ్ళ అమూల్య జ్ఞానాన్ని కోల్పోయింది. ఆ జ్ఞానం ఈ ఆవరణలో, సంస్థ పనివేళల్లో, సంస్థ పానాలతో సముపార్జింపబడినది. కనుక అది సంస్థ ఆస్తి. సంస్థ ఆస్తి గేటు పాసు లేకుండా బయటికి ఎలా వెళ్ళింది?"

సభలో ఎవరికీ తెలియలేదు. గేటు కాపలా అధికారికి మెమో వెళ్ళింది. ఆయన మూడు రోజుల్లో జవాబిచ్చాడు. "సదరు ఉద్యోగి సోమవారం సాయంత్రం గేటు దాటునప్పుడు ఆయన క్యారేజీ విప్పి చూడటమైనది. అందులో ఒక చెంచా, సగం తిన్న జామకాయ మాత్రమే ఉన్నవి. జ్ఞానం ఏదియు కనబడలేదు."

జవాబు సంతృప్తికరంగా లేదని ఫైలు మీద రాశారు. ఇకముందు ఇలాంటి నష్టం జరగకూడదని జ్ఞాన సంరక్షణ, పునర్వినియోగ విభాగం ఒకటి పెట్టారు.

ఆ విభాగానికి అధిపతిగా భుజంగరావును వేశారు. ఆయన ఇరవై రెండేళ్ళు స్టోర్సు చూసినవాడు. చెడ్డవాడు కాడు. లోపలికి వచ్చేదానికి రసీదు, బయటికి వెళ్ళేదానికి ఇండెంటు ఉన్నంతకాలం ఈ భూమ్మీద ఏ వస్తువూ పోదని ఆయన మనస్ఫూర్తిగా నమ్మేవాడు. ఆయన హయాంలో స్టోర్సులో ఒక్క వాషరు పోలేదు. ఒక్క వాషరు అవసరానికి అందిందీ లేదు.

విభాగానికి గది కావాలి. పాత డ్రాయింగుల గది గాలీ వెలుతురూ ఉన్న గది. అందులో నలభై ఏళ్ళ నాటి డ్రాయింగులు గుట్టలుగా ఉండేవి. వాటి అంచుల్లో మేస్త్రీలు ఎప్పటికప్పుడు పెన్సిలుతో రాసుకున్న మాటలుండేవి. జ్ఞానానికి చోటు కావాలి గనక వాటిని ఖాళీ చేయించారు. విభాగం పేరులోనే పునర్వినియోగం ఉండటం వల్ల పారెయ్యడానికి వీల్లేకపోయింది. మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టడానికి క్యాంటీనుకి పంపారు. పునర్వినియోగంలో విభాగం మొదటి నెలలోనే నూరు శాతం సాధించింది.

ఈ లోపల కొత్తమల్లివలస పంపు మూడు బోల్టులతో అలాగే ఉంది.

దాలినాయుడు దాన్ని మొదటివారంలోనే పూర్తి చేసి ఉండవలసింది. గురువారం ఒకసారి పానా చేతిలోకి తీసుకున్నాడు. కిటికీ గట్టు మీద మేస్త్రి టీ గ్లాసు బోర్లించి ఉంది. ఇవాళ వద్దులే అనుకుని పానా అక్కడే పెట్టేశాడు. మర్నాడూ అంతే అయింది. పై వారం విభాగం వాళ్ళు వచ్చి పంపుకి ఒక అట్టముక్క కట్టారు. "ఈ పంపునకు సంబంధించిన జ్ఞానం సంస్థ పరిశీలనలో ఉన్నందున, సదరు జ్ఞానం కలవారెవరూ అనుమతి లేకుండా దీనిని తాకరాదు." అది చదివినప్పుడు దాలినాయుడికి కోపం రాలేదు. కొంచెం ఊరట కలిగింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కొత్తమల్లివలస సర్పంచి సావిత్రమ్మ సోమవారం సోమవారం వచ్చేది. ఊరి ట్యాంకు ఎండిపోయి, ఆడవాళ్ళు రెండు మైళ్ళ అవతల గెడ్డ ఇసకలో చెలమలు తీసి నీళ్ళు తెచ్చుకుంటున్నారు.

"అన్నా, మా పంపు ఎంతవరకూ వొచ్చింది?" అని అడిగేది.

"ఒక్క బోల్టమ్మా."

"పోయిన సోమారం కూడా ఒక్క బోల్టే అన్నావు."

"అవునమ్మా. అదే బోల్టు."

ఆమె పంపు చుట్టూ ఒకసారి తిరిగి, అట్టముక్క చదివి, "మా ఊళ్ళో ఎవరికీ జ్ఞానం లేదన్నా. నాను తాకొచ్చేటి?" అంది. దాలినాయుడు నవ్వాపుకున్నాడు. చాలా రోజుల తర్వాత అతనికి నవ్వొచ్చింది.

ఫిబ్రవరిలో ఒక సర్క్యులరు వచ్చింది. ఆరు నెలల్లోగా పదవీ విరమణ చేసేవాళ్ళందరూ తమ వద్దనున్న జ్ఞానాన్ని విభాగంలో అప్పగించి రసీదు పొందవలెను. దాలినాయుడి విరమణ మార్చి ముప్పై ఒకటిన. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు.

భుజంగరావు జ్ఞా-1 అనే ఫారం తీసి, కలం మూత విప్పాడు.

"జ్ఞానం పేరు?"

"బోల్టు బిగించడమండి."

"ఎంత ఉంది?"

"అంటే?"

"పరిమాణం. ఎంతో చెప్పాలి కదా."

దాలినాయుడు ఆలోచించాడు. "ఇరవై ఆరేళ్ళదండి."

భుజంగరావు "26 (అక్షరాలా ఇరవై ఆరు మాత్రమే)" అని రాసుకున్నాడు. "బిగించుట ఎక్కడ ఆపవలెను?"

"చాలు అనిపించినప్పుడండి."

"ఎవరికి?"

"చేతికండి."

"చెయ్యి ఉద్యోగి కాదు. దానికి అనిపించడం రూల్సులో కుదరదు. డ్రాయింగులో అంకె ఉంటుంది కదా?"

"ఉందండి. ఆ అంకె దాకా బిగిస్తే షాఫ్టు తిరక్కుండా పట్టీస్తాది. మూత పోతపోసిన అచ్చు ముప్పయ్యేళ్ళ కిందటిదండి, ఒక పక్కకి ఒరిగిపోయింది. కొత్త అచ్చు కావాలని కాగితం పెట్టారు. ఆ కాగితానికి పంతొమ్మిదేళ్ళు."

"అది నా విభాగం కాదు. చెప్పండి."

"మేస్త్రి ఏటి చేసీవోరంటే, మూడు బిగించి ఒగ్గీసీవోరు. రాత్రంతా మూత సర్దుకుంటాది. పొద్దున్న ఇనుము చల్లగా ఉన్నప్పుడు మూత మీద ఓ అరచెయ్యి పెట్టి, రెండో చేత్తో నాలుగోది తిప్పీవోరు. లోపల షాఫ్టు ఎలగుందో అరచేతికి తెలుస్తాది. అది తెలిసీదాకా తిప్పి, 'చాలు' అనీవోరు."

చెబుతున్నంతసేపూ దాలినాయుడి కుడి అరచెయ్యి భుజంగరావు బల్ల మీద ఆనుకుని ఉంది. భుజంగరావు శ్రద్ధగా విన్నాడు. ఫారంలో 'జ్ఞాన వివరము' అన్నచోట ఒకే ఒక గీత ఉంది. ఆయన ఆ గీత మీద, గుండ్రని అక్షరాలతో, 'చాలు' అని రాశాడు. మిగిలినదానికి చోటు లేదు.

రసీదు చింపి ఇస్తూ, "ఇప్పట్నుంచి ఇది విభాగం అధీనంలో ఉంటుంది. మీరు వాడదలిస్తే జ్ఞా-2 పెట్టుకోవాలి" అన్నాడు.

"నాకు తెలిసింది నాను వాడుకోడానికాండి?"

"నాయుడు గారూ, మీరు స్టోర్సులో సిమెంటు బస్తా అప్పగించారనుకోండి. నేనే కదా తెచ్చానని మళ్ళీ మీరే భుజాన వేసుకుపోతారా?"

దాలినాయుడు ఎప్పుడూ సిమెంటు బస్తా మొయ్యలేదు. అందుకని రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత నెలరోజులు ఫ్యాక్టరీ చాలా క్రమశిక్షణతో నడిచింది. జ్ఞానం అప్పగించినవాళ్ళు ఎదుటివాళ్ళు తప్పు చేస్తుంటే చూసి తల తిప్పుకునేవారు. డిజైనులో ఒకాయన గుండ్రం గీయడానికి ఇండెంటు పెట్టి, అది మంజూరయ్యేదాకా చతురస్రాలు గీశాడు. పోతపని దగ్గర ఒకాయన, "వెనక్కి జరగండి, కాలుతుంది" అనబోయి, అది అప్పగించిన జ్ఞానంలోకి వస్తుందేమోనని ఆగాడు. ఎదుటివాడి ప్యాంటు మాత్రమే కాలింది. క్యాంటీనులో అందరూ ఎండల గురించే మాట్లాడుకునేవారు. ఎండలు సంస్థ ఆస్తి కాదు.

బిగింపు షాపు ఇంజినీరు హైమావతి డిజైను నుంచి కొత్తగా వచ్చింది. ముప్పయ్యేళ్ళ మనిషి, మాటకి ముందు చెయ్యి కదిలే రకం. ఒకనాడు ఆమె, "నాయుడు గారూ, ఈ పంపులో నాలుగో బోల్టు విడిగా ఎందుకు బిగిస్తారు?" అని అడిగింది.

దాలినాయుడు నోరు తెరిచాడు. రసీదు గుర్తొచ్చి మూశాడు.

"ఎండలు బాగా ముదిరాయమ్మా" అన్నాడు.

మార్చి మొదటి సోమవారం సావిత్రమ్మ ఖాళీ బిందె పట్టుకుని వచ్చింది. బిందెని పంపు పక్కన బోర్లించి, దాని మీదే కూర్చుంది. ఆమె అలా అరగంట కూర్చున్నాక దాలినాయుడు లేచి వెళ్ళి జ్ఞా-2 పెట్టాడు. కోరిన వస్తువు: చాలు. పరిమాణం: ఒకటి. అవసరం: కొత్తమల్లివలస పంపు, నాలుగో బోల్టు.

విభాగం అప్పటికే జ్ఞానమంతా కంప్యూటరులో ఎక్కించింది. ఒక్క మాట కొడితే సంస్థలో ఆ మాట ఎక్కడెక్కడుందో క్షణంలో చెప్పే ఏర్పాటు అది. దాన్ని అమర్చిన సలహాదారు హైదరాబాదు నుంచి వచ్చి, అందరి ముందూ 'చాలు' అని కొట్టాడు. నాలుగు వందల పన్నెండు చోట్ల దొరికింది. అందులో ఒకటి దాలినాయుడిది. మిగిలిన నాలుగు వందల పదకొండూ క్యాంటీను సలహాల పుస్తకంలోవి.

"చూశారా!" అన్నాడు సలహాదారు, కళ్ళు మెరుస్తుండగా. "ఇంత విలువైన నాలెడ్జి ఇన్నాళ్ళూ మీ క్యాంటీనులో మరుగునపడి ఉంది. ఒక్క వ్యక్తి అనుభవం ఎక్కడ, నాలుగు వందల పదకొండు మంది అనుభవం ఎక్కడ? ఇది సామూహిక ప్రజ్ఞ."

శేషశయనం గారు ముగ్ధులయ్యారు. అక్కడికక్కడే 'చాలు' నిర్ణయ సంఘం ఏర్పడింది. సంఘం క్యాంటీను వడ్డన మనిషి నూకరాజును విషయ నిపుణుడిగా పిలిపించింది. అతను తడిచేతులు తువాలుకి తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"కూర్చోండి నూకరాజు గారూ" అన్నారు శేషశయనం గారు.

నూకరాజు వెనక్కి తిరిగి చూశాడు. గారు ఎవరో వస్తున్నారనుకున్నాడు.

"మిమ్మల్నే. 'చాలు' అనే అంశంలో మీకు ఎన్నేళ్ళ అనుభవం?"

"పదహారేళ్ళ నుంచి సాంబారు పోస్తన్నానండి బాబూ."

"ఉద్యోగులు సాధారణంగా ఏ దశలో చాలు అంటారు?"

"కూరైతే అనరండి. పప్పైతే ముందే అనీస్తారు. సాంబారు ఒకటిన్నర గరిటె కాడ అంటారండి."

"ఒకటిన్నర!" అంటూ సలహాదారు రాసుకున్నాడు. "ఖచ్చితంగా?"

"మా గరిటె కొంచెం సొట్టండి బాబూ."

సొట్టతో సహా గరిటెను కొలిచారు. సంఘం ఆరుసార్లు కూర్చుంది, ఆరుసార్లూ భోజనం వేళకే. చివరికి ఉత్తర్వు వెలువడింది. "చాలు అనగా ఒకటిన్నర గరిటె. ఇకపై సంస్థలోని అన్ని విభాగములందు ఇదే ప్రమాణముగా పాటించవలెను. కొత్తమల్లివలస పంపు నాలుగవ బోల్టును సదరు ప్రమాణము మేరకు బిగించవలెను." ప్రామాణిక గరిటెను గొలుసుతో పంపుకి కట్టారు. క్యాంటీనుకి వేరే గరిటె మంజూరు కాలేదు. ఆనాటి నుంచి సాంబారు గ్లాసులతో పోసేవారు. ఎవరు చాలన్నా అది చెల్లేది కాదు.

ఉత్తర్వు చేతికొచ్చిన దాలినాయుడు గరిటె వైపు, బోల్టు వైపు చాలాసేపు చూశాడు. మేస్త్రి ఉంటే ఏమనేవాడో తెలుసు. అది బయటికి చెప్పదగిన మాట కాదు.

ఆ సాయంత్రం టీ వేళ అతను రెండు బజ్జీలు తీసుకున్నాడు. ఒకటి తిని రెండోది తీస్తుంటే పొట్లం కాగితం మీద చూపు పడింది. నూనె మరకల మధ్య ఒక మూత బొమ్మ, నాలుగు బోల్టుల గుర్తులు. అంచున పెన్సిలు రాత. ఒత్తులు ఇవ్వని రాత. ఆ రాతతో ఇరవై ఆరేళ్ళు అతని డ్యూటీ చీటీలు వచ్చాయి.

'మూడు బిగించి ఒగీ. నాలుగోది తెలారి సల్లగా ఉనపుడు. అరసెయి మూత మీద. సెయి సెపుతాది.'

దాలినాయుడు రెండో బజ్జీ తినలేదు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. జేబు మీద నూనె మరక పడింది. ఇంటికెళితే ఆవిడ అడుగుతుంది, అడగనీ అనుకున్నాడు.

మర్నాడు ఆ కాగితం భుజంగరావుకి చూపించాడు. భుజంగరావు దాన్ని వెలుతురుకి పట్టి చూసి, రిజిస్టరు తిరగేసి, తలూపాడు.

"ఇది మంచి కాగితమే. కానీ జనవరిలోనే క్యాంటీనుకి పునర్వినియోగం కింద జారీ అయింది. ఒకసారి పునర్వినియోగం పూర్తయినదాన్ని మళ్ళీ వినియోగించడానికి మన దగ్గర ఫారం లేదు."

"మరి దీన్నేటి చెయ్యమంటారు?"

"బజ్జీ కట్టుకోవచ్చు. అందుకు అభ్యంతరం లేదు."

దాలినాయుడు కాగితాన్ని మళ్ళీ మడిచాడు. ఈసారి నెమ్మదిగా మడిచాడు. భుజంగరావు చెప్పిన ఆఖరిమాటలో ఏదో పనికొచ్చేది ఉన్నట్టు తోచింది.

మార్చి ముప్పయ్యో తేదీ పొద్దున అతన్ని జ్ఞా-3 కోసం పిలిచారు. అది లేనిదే పింఛను ఫైలు కదలదు. బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది. "దాలినాయుడు అను నేను, కీర్తిశేషులు బంగారయ్య గారి వద్ద గానీ, సంస్థలో మరెక్కడ గానీ నేర్చుకున్నదేదియు ఇకపై నా వద్ద మిగిలి లేదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను."

"సంతకానికి ముందు చిన్న పరీక్ష" అన్నాడు భుజంగరావు. "బోల్టు అనగా ఏమి?"

"తెలుసునండి."

"అదే చిక్కు. ఇరవై ఆరూ అప్పగించారు కదా. ఇంకా తెలుసంటే కొంత దాచినట్టు అవుతుంది. తెలియదు అనండి."

"తెలిసినదాన్ని తెలియదని ఎలగంటానండి?"

"మరిచిపోవడానికి మూడు రోజుల శిక్షణ కూడా పెట్టాం. మీరు వెళ్ళలేదు."

"ఎల్లినోళ్ళేటి మరిచిపోయారండి?"

భుజంగరావు నిజాయితీపరుడు. "పదకొండు మంది వెళ్ళారు. అందరూ శిక్షకుడి పేరు మరిచిపోయారు" అని ఒప్పుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నాయుడు గారూ, ఇదంతా కాగితం కోసమే. సంతకం పెట్టెయ్యండి. మీ ఇబ్బంది నాకు తెలుసు" అన్నాడు.

దాలినాయుడు కలం తీసుకున్నాడు. కాగితం ఇంకోసారి చదివాడు. 'బంగారయ్య గారి వద్ద' అన్నచోట ఆగాడు. 'మిగిలి లేదని' అన్నచోట మళ్ళీ ఆగాడు. కలం మూత పెట్టి బల్ల మీద ఉంచాడు.

"రేపు చూద్దామండి" అన్నాడు.

ఆ సాయంత్రం అతను క్యాంటీనులో ఒకే బజ్జీ కొన్నాడు. నూకరాజు కట్టిచ్చిన కాగితం తీసేసి, జేబులోంచి పాతది తీసి అందులో చుట్టాడు. హైమావతి బల్ల దగ్గరికెళ్ళి పెట్టాడు.

"తినండమ్మా. చల్లారిపోతాది."

"ఏంటి నాయుడు గారూ, రేపటి పార్టీ ఇవాళే ఇచ్చేస్తున్నారా?"

"బజ్జీ ఇవ్వడానికి ఫారం లేదమ్మా. కనుక్కున్నాను."

ఆమె పొట్లం విప్పింది. చదివింది. అతని మొహంలోకి చూసింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆమె బజ్జీ తింటూ కాగితాన్ని రెండోసారి చదివి, లేచి, పంపుకి కట్టిన అట్టముక్క దగ్గరికి వెళ్ళి దాన్ని కూడా చదివింది.

"'సదరు జ్ఞానం కలవారెవరూ అనుమతి లేకుండా దీనిని తాకరాదు'" అని పైకి చదివి, "నేనింకా ఏమీ అప్పగించలేదు. అప్పగించడానికి నాకేమైనా తెలుసని కూడా విభాగం ఎక్కడా రాయలేదు. అంటే నేను తాకొచ్చు" అంది.

"ఎండలు ముదిరాయమ్మా" అన్నాడు దాలినాయుడు. "ఏడింటికైతే కొంచెం చల్లగా ఉంటాది."

మర్నాడు పొద్దున ఏడింటికి షాపులో ఇద్దరే ఉన్నారు. సముద్రం వైపు కిటికీలు తెరిచి ఉన్నాయి. హైమావతి గరిటెను గొలుసుతో సహా పక్కకి జరిపి, ఎడమ అరచెయ్యి మూత మీద పెట్టి, కుడిచేత్తో పానా పట్టుకుంది. బంగారయ్య మేస్త్రి పానా అది. దాలినాయుడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అప్పగించినది వాడకూడదు.

ఆమె తిప్పింది. ఆగింది. షాఫ్టు చేత్తో కదిపి చూసింది. మళ్ళీ తిప్పింది. పావు చుట్టు, అందులో సగం, అందులో సగం. దాలినాయుడు బోల్టు వైపు చూడటం లేదు. ఆమె అరచేతి వైపే చూస్తున్నాడు. ఎప్పుడు పెట్టాడో అతనికే తెలియదు, అతని అరచెయ్యి కూడా మూతకి రెండోవైపు ఆనుకుని ఉంది. ఇనుము చల్లగా ఉంది. లోపల ఏదో నెమ్మదిగా సర్దుకుంటోంది. ఇంకొంచెం. ఇంకొంచెం. అదిగో. అతని పెదవుల దాకా మాట వచ్చింది. పళ్ళు బిగించాడు. ఆమె చెయ్యి ఇంకా పానా మీద ఉంది. తిప్పుతుందేమో అనిపించింది.

"చాలు" అంది హైమావతి.

దాలినాయుడు తల పక్కకి తిప్పుకుని, జేబురుమాలు కోసం వెతుక్కుని, దొరక్క, పానా తుడిచే గుడ్డతోనే మొహం తుడుచుకున్నాడు.

"సరిగ్గానే ఆపానా నాయుడు గారూ?"

"నాకేం తెలుసమ్మా" అన్నాడు అతను. "నాను అప్పగించీసాను కదా." అని ఇద్దరి టీ కోసం బయల్దేరబోయి, కిటికీ గట్టు మీద బోర్లించి ఉన్న మేస్త్రి గ్లాసు తీసి కడిగి, ఆమెకిచ్చాడు.

పంపు పరీక్షలో నెగ్గింది. సావిత్రమ్మ ట్రాక్టరు తెచ్చి, తానే పక్కన కూర్చుని ఎక్కించుకుపోయింది. నాలుగో రోజున కొత్తమల్లివలస ట్యాంకు నిండింది. ఆ సంగతి చెప్పడానికి ఆమె సోమవారం మళ్ళీ వచ్చి, అలవాటు కొద్దీ పంపు ఉండే చోటికి వెళ్ళి, అక్కడ గోడ మేకుకి గరిటె మాత్రమే వేలాడుతుండటం చూసి, "ఇదెవరి పంపన్నా?" అని హైమావతి వెనక నిలబడ్డ ఫిట్టర్లని అడిగింది.

జ్ఞాన పునర్వినియోగంలో చూపిన చొరవకు సంస్థకి ఒక బహుమతి వచ్చింది. శేషశయనం గారు గరిటెతో ఫోటో దిగారు. రసీదు లేని జ్ఞానం ఎక్కడి నుంచి సేకరించారో పదిహేను రోజుల్లోగా తెలియజేయవలసిందని హైమావతికి మెమో వచ్చింది. "క్యాంటీను బజ్జీ నుంచి" అని ఆమె నిజమే రాసింది. విభాగం నూకరాజుకి ప్రశంసాపత్రం ఇచ్చింది. అతను దాన్ని పిండి డబ్బా మీద మూతగా వాడుతున్నాడు. షాపులో ఇప్పుడు మరో ఇద్దరికి నాలుగో బోల్టు వచ్చు. వాళ్ళ పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు.

దాలినాయుడు రిటైరై నాలుగు నెలలైంది. నెలకోసారి సైకిలు మీద విభాగానికి వెళతాడు. భుజంగరావు కుర్చీ వేసి, జ్ఞా-3 ముందుకు జరుపుతాడు. దాలినాయుడు కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచీ చదువుతాడు. కలం మూత తీస్తాడు. బంగారయ్య మేస్త్రి పేరు దగ్గరికి వచ్చేసరికి అరచెయ్యి కాగితం మీద ఆనించి కాసేపు అలాగే ఉంటాడు. తర్వాత కలం మూత పెట్టి, "రేపు చూద్దామండి" అంటాడు. భుజంగరావు కాగితాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెడతాడు.

ఆ కాగితం మీద దాలినాయుడి సంతకం ఇంకా పడలేదు.